ఆరు నెలలుగా ఒకే శాసనం చూసి రాయిస్తున్నారు, ఇది కాపీ కొట్టడం కాదా?

ముందు ఒక చిన్న విషయం చెప్పేసి అసలు సంగతికి వస్తా. మీరు సింగపూర్‌లో చైనీస్ కాలిగ్రఫీ క్లాసుకి వెళ్తున్నారు, ఆరు నెలల నుంచీ టీచరు ఒయాంగ్ షున్ అనే ఏడో శతాబ్దపు కాలిగ్రఫర్ రాసిన శాసనం ఒక్కటే ముందు పెట్టి అవే అక్షరాలు మళ్ళీ మళ్ళీ రాయిస్తున్నారు, రాసింది చూపిస్తే మాట్లాడకుండా ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టి ఇచ్చేస్తున్నారు, "ఇన్ని తప్పులు పడుతుంటే ఇంక సొంతంగా ఎప్పుడు రాస్తాను, అసలు ఇందులో ఆర్ట్ ఏముంది, ఇది కాపీ కొట్టడమే కదా" అని అడిగారు. ఆ ఎర్ర సున్నాలు తప్పులు కాదండీ. చైనా టీచర్లు బాగా వచ్చిన అక్షరానికి ఎర్ర సున్నా చుడతారు. మన బళ్ళో ఎర్ర ఇంకు అంటే తప్పే కాబట్టి మనకి అలా తోస్తుంది. నాకూ మొదటి రెండు నెలలు అదే భ్రమ, సున్నాలు తక్కువొచ్చిన రోజు లోలోపల సంబరపడిపోయేవాణ్ణి. కాబట్టి ఇంటికెళ్ళి పాత కాగితాలన్నీ తీసి ఇంకోసారి చూసుకోండి, మీరనుకున్న దానికంటే మీ పరిస్థితి బాగానే ఉండొచ్చు.

నా గురించి రెండు ముక్కలు. మందుల కంపెనీకి బల్క్ డ్రగ్స్ కొనే పని మీద హాంగ్‌జౌలో తొమ్మిదేళ్ళు ఉన్నా, అక్కడ మా అపార్ట్‌మెంట్ వెనక సందులో ఒక రిటైర్డ్ బడి మాస్టారు పిల్లలకి కాలిగ్రఫీ నేర్పేవారు, వాళ్ళ మధ్యలో నేనొక్కణ్ణే మీసాలున్న స్టూడెంట్‌ని. లావోషీ అనే పిలిచేవాణ్ణి, అంటే మాస్టారు అనే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నా, బ్రష్ మాత్రం వదల్లేదు, మొత్తం పద్నాలుగేళ్ళు. నేను పండితుణ్ణి కాదు, చేతికి తెలిసింది చెప్తున్నా అంతే.

అసలు చిక్కంతా "కాపీ" అనే మాటతోనే ఉంది. ఆ మాట రాగానే మనకి పరీక్ష హాలు, పక్కోడి పేపరు, స్క్వాడ్ గుర్తొస్తాయి. దాన్ని పక్కన పెట్టి మన చిన్నప్పటి మాటలు రెండు తెచ్చుకోండి. ఒకటి దిద్దడం. పలక మీద అమ్మో పంతులుగారో 'అ' రాసిస్తే దాని మీదే బలపంతో పదిసార్లు, ఇరవైసార్లు దిద్దేవాళ్ళం, గీత లావెక్కి అక్షరం బొద్దుగా తయారయ్యేదాకా. రెండోది చూచిరాత. పైన అచ్చులో ఒక లైను ఉంటుంది, దాన్ని చూసి కింద రాయాలి. చైనా వాళ్ళకి ఈ రెండూ విడివిడిగా, పేర్లతో సహా ఉన్నాయి. దిద్దడాన్ని, అంటే మూలం మీద పల్చటి కాగితం పరిచి కింద కనిపించే గీతల వెంట పోవడాన్ని 'మో' అంటారు, చూచిరాతని 'లిన్' అంటారు. చిన్నపిల్లలకి ఎర్రగా అచ్చేసిన అక్షరాల మీద నల్ల ఇంకుతో దిద్దే పుస్తకాలు ఇస్తారు, అచ్చంగా మన పలకే. ఆ తర్వాత మూడోది 'బేయ్‌లిన్', పుస్తకం మూసేసి గుర్తున్నది గుర్తున్నట్టు రాయడం. నాలుగోది 'యీలిన్', మూలం ఊపిరి పట్టుకుని తన ధోరణిలో రాయడం. మీరు ఇప్పుడు రెండో మెట్టు మీద ఉన్నారు, మీకు కోపం మాత్రం నాలుగో మెట్టు ఇంకా రాలేదని.

ఎందుకు ఇంత చూచిరాత అంటే, బ్రష్‌తో గీసిన గీత ఒక ఆకారం కాదు, అది ఒక కదలిక ఆరిపోయి మిగిలిన గుర్తు. ఇది నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మీ శాసనంలోదే ఒక అడ్డగీత తీసుకోండి. దూరం నుంచి చూస్తే రూలర్ పెట్టి గీసినట్టుంటుంది, దగ్గరగా చూస్తే ఎడమ చివర కత్తితో వాలుగా కోసినట్టు ఒక అంచు ఉంటుంది, మధ్యలో సన్నబడుతుంది, కుడివైపుకి కొద్దిగా ఎక్కుతుంది, చివర భుజంలాగా ఒక మడత. అది రావాలంటే చెయ్యి ఏం చెయ్యాలి? మొనని వాలుగా దించి, నొక్కి, ఒక్క క్షణం ఆగి, దిశ మార్చి, కొంచెం ఎత్తి కుడికి నడవాలి, నడుస్తున్నంతసేపూ బ్రష్ కాగితాన్ని ఒరుసుకుంటున్నట్టు చేతికి తెలియాలి, చివర మళ్ళీ ఎత్తి, కుడి కిందకి నొక్కి, వచ్చిన దారిలో వెనక్కి మడిచి లాగాలి. ఇదంతా ఒక్క అడ్డగీత. పైగా పచ్చి షువాన్ కాగితం (అన్‌హుయ్ రాష్ట్రంలో తయారయ్యేది, పటిక పట్టించనిది) మీద ఆగిన ప్రతి చోటా ఇంకు పాకుతుంది, కాబట్టి మీరు తటపటాయించిన క్షణం కూడా కాగితం మీద మచ్చగా పడుతుంది. రెండోసారి దిద్దితే వెంటనే తెలిసిపోతుంది, అక్షరాన్ని సరిచెయ్యడం ఉండదు, మళ్ళీ రాయడమే.

అందుకని చూచిరాతలో మీరు చూసేది ఆరిపోయిన గుర్తుని, రాబట్టాల్సింది దాని వెనకున్న చేతిని. బాపు గారి అక్షరాలు చూసి మన ఊళ్ళలో ఎంతమంది సైన్‌బోర్డులు, పెళ్ళి కార్డులు రాశారో మీకు తెలుసు, ఆకారం అందరికీ వచ్చేస్తుంది, ఆ విసురు మాత్రం చాలా తక్కువమందికి వస్తుంది. ఆ తేడానే మీ టీచరు ఆరు నెలలుగా మీ చేత వెతికిస్తున్నది.

మీరు రాస్తున్న శాసనం జియూచెంగ్ ప్యాలెస్‌లో పుట్టిన తీపి నీళ్ళ ఊట గురించి, 632లో చెక్కింది, మాటలు వేయ్ జెంగ్ అనే మంత్రివి, రాత ఒయాంగ్ షున్‌ది. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. ఆ వయసులో చెయ్యి వణక్కుండా వెయ్యికి పైగా అక్షరాలు అంత బిగువుగా రాశాడంటే, ఒక్కోసారి నాకు ఆ రాయి చూస్తే కుళ్ళుగా ఉంటుంది. మొదలుపెట్టేవాళ్ళకి ఇది కష్టమైన మోడల్ అని కొందరంటారు, యాన్ జెన్‌చింగ్ అనే ఇంకో పాత కాలిగ్రఫర్ రాత అయితే లావుగా, విశాలంగా ఉంటుంది కాబట్టి చేతికి సులువని. నిజమే కావచ్చు, కానీ ఒయాంగ్ దగ్గర ఒక లాభం ఉంది, తప్పు దాగదు. గీత ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగినా అక్షరం మొత్తం వాలిపోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, అంత పెద్ద కళలో ఒరిజినల్ విలువ ఏమైపోయింది అన్నట్టు అడిగారు కదా. దీనికి నా దగ్గరున్న జవాబు వాంగ్ షీజీ. చైనా మొత్తానికి రాతలో ఆయన్ని మించినవాడు లేడంటారు, నాలుగో శతాబ్దం వాడు, 'రాతకి ఋషి' అన్న బిరుదు. ఆయన చేత్తో రాసిన కాగితం ముక్క ఒక్కటి కూడా ఇవాళ ప్రపంచంలో లేదు. ఒక్కటీ లేదు! తైపేలోనూ బీజింగ్‌లోనూ జపాన్‌లోనూ ఉన్నవన్నీ తర్వాతివాళ్ళు దిద్దిన, చూసి రాసిన ప్రతులే, లేకపోతే రాళ్ళ మీద చెక్కించి తీసిన అచ్చులు. పదహారు వందల ఏళ్ళుగా ఒక మనిషి చెయ్యి బతికుంది అంటే అది పూర్తిగా కాపీ చేసినవాళ్ళ పుణ్యమే.

ఆయనది అన్నిటికంటే పేరున్న రాత లాన్‌టింగ్ ముందుమాట. 353లో మూడో నెల మూడో రోజున, ఇప్పటి షావోషింగ్ దగ్గర, లాన్‌టింగ్ అనే మంటపం ఉన్నచోట, స్నేహితులంతా వాగు ఒడ్డున కూర్చుని నీళ్ళలో మద్యం గిన్నెలు వదిలి, గిన్నె ఎవరి ముందు ఆగితే వాళ్ళు కవిత చెప్పడం, చెప్పలేకపోతే తాగడం. ఆ కవితల సంకలనానికి ఈయన ముందుమాట రాశాడు, 28 వరసలు, 324 అక్షరాలు. చిత్తుప్రతి అన్నమాట, మధ్యలో కొట్టివేతలు, దిద్దుబాట్లు అన్నీ ఉన్నాయి. తర్వాత మళ్ళీ మళ్ళీ ఫెయిర్ చేద్దామని చూస్తే అంత బాగా రాలేదని కథ. టాంగ్ వంశపు చక్రవర్తి టైజోంగ్ (ఏడో శతాబ్దం) దీని కోసం ఒక ముసలి భిక్షువు దగ్గరికి మనిషిని పంపి మాయ చేసి కాజేయించాడని ఇంకో కథ, చనిపోయినప్పుడు తనతో పాటు సమాధిలో పెట్టించుకున్నాడని చెప్తారు. పాతిపెట్టే ముందు మాత్రం ఆస్థానంలో చేయి తిరిగినవాళ్ళ చేత కాపీలు తీయించాడు. ఆ మోజే మనకి దాన్ని మిగిల్చింది.

ఆ కాపీల్లో ఫెంగ్ చెంగ్‌సూ తీశాడని చెప్పే ప్రతి బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. పద్ధతి ఏంటంటే, మూలం మీద కాగితం పెట్టి వెలుతురు వెనకనుంచి పడేలా చేసి, వెంట్రుకంత సన్నటి గీతతో ప్రతి అక్షరం చుట్టూ అంచు గీసుకుని, తర్వాత లోపల ఇంకు నింపడం. ఇది రాయడం కాదు, ఒక రకంగా చేత్తో చేసిన జిరాక్స్. దాన్ని పెద్దగా అచ్చేసిన పుస్తకం మీద మా లావోషీ ఒకరోజు భూతద్దం పెట్టి ఒక అక్షరం చూపించారు, 'మేయ్' అని, ప్రతిసారీ అని అర్థం. అందులో ఒక్క అడ్డగీత మాత్రం చిక్కటి నలుపు, మిగతా గీతలన్నీ పలచన. ఎందుకో చెప్పు అన్నారు, నాకు తెలియలేదు. చైనీస్‌లో 'ఒకటి' అంటే ఒక్క అడ్డగీతే కదా, వాంగ్ షీజీ ముందు 'ఒకటి' అని రాశాడు, తర్వాత మనసు మార్చుకుని దానికే మిగతా గీతలు కలిపి 'మేయ్' చేశాడు, అప్పటికి బ్రష్‌లో ఇంకు పలచబడింది. మూడు వందల ఏళ్ళ తర్వాత కాపీ తీసినవాడు ఆ ఇంకు తేడాని కూడా వదల్లేదు. బ్రష్ వెంట్రుక ఒకటి విడిపోయి పక్కన పడిన సన్నగీత కూడా వదల్లేదు. ఒక వరసలో రెండక్షరాలు మరిచిపోయి పక్కన ఇరికించాడు, దాన్నీ అలాగే ఉంచారు. ఇవాళ్టికీ లాన్‌టింగ్ చూసి రాసే ప్రతివాడూ ఆ మరిచిపోయిన రెండక్షరాలనీ అలాగే పక్కనే ఇరికిస్తాడు, ఆయన మరిచిపోయింది మనం మరిచిపోకూడదు. నాకైతే ఇంతకంటే పెద్ద గౌరవం ఇంకోటి తోచదు.

అదే రాతలో 'జీ' అనే చిన్న అక్షరం ఇరవై సార్లు వస్తుంది, మన 'యొక్క' లాంటిది, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఇది అందరూ చెప్పే మాటే, కానీ ఇరవైనీ ఒక కాగితం మీద వరసగా రాసి చూడండి, అప్పుడు తెలుస్తుంది. పక్క అక్షరం పొడుగైతే ఇది పొట్టిగా కూర్చుంటుంది, పైన ఇంకు ఎక్కువైతే ఇక్కడ సన్నబడుతుంది. వైవిధ్యం చూపించాలని చేసింది కాదు, పొరుగుని చూసి సర్దుకోవడం అంతే. నేను ఇరవైనీ రాసిన రోజు మా లావోషీ రెండిటికే సున్నా చుట్టారు.

ఈ వాంగ్ షీజీ వంశంలోనే ఏడో తరంవాడు జీయోంగ్ అనే బౌద్ధ భిక్షువు. మేడ మీద గది ఎక్కి ముప్పై ఏళ్ళు కూర్చుని, వెయ్యి అక్షరాల పాఠాన్ని ఎనిమిది వందల ప్రతులు రాసి చుట్టుపక్కల గుళ్ళకి ఒక్కోటి చొప్పున పంచాడని చెప్తారు, అరిగిపోయిన బ్రష్ మొనలు బుట్టల కొద్దీ పోగైతే గొయ్యి తీసి పాతిపెట్టాడట. దాన్ని బ్రష్‌ల సమాధి అంటారు. మీరు ఆరు నెలలన్నారు.

ఇంకో సంగతి, ఇది మన తెలుగువాళ్ళు తెలుసుకోవాల్సింది కాబట్టి కొంచెం పక్కకి వెళ్తా. ఒయాంగ్ తర్వాత మీ టీచరు మిమ్మల్ని కొంచెం వేగంగా రాసే లిపిలోకి తీసుకెళ్తే బహుశా 'షెంగ్‌జియావో షూ' అనే శాసనం ఇస్తారు, 672లో నిలబెట్టింది, ఇప్పుడు షీఆన్‌లో శాసనాల మ్యూజియంలో ఉంది. దాన్ని వాంగ్ షీజీ రాయలేదు, అప్పటికి ఆయన పోయి మూడు వందల ఏళ్ళు. హువాయ్‌రెన్ అనే భిక్షువు వాంగ్ షీజీ ఉత్తరాల్లోంచి ఒక్కో అక్షరం ఏరుకుని, దొరకనివాటికి ముక్కలు అతికి, సుమారు 1900 అక్షరాలు కూర్చాడు, ఇరవై ఏళ్ళకి పైగా పట్టింది. రాసినవాడు లేకుండా రాయించిన శాసనం! అందులో మాటలు దేని గురించంటే, హ్యుయాన్ త్సాంగ్ మన దేశం నుంచి తీసుకెళ్ళి అనువదించిన బౌద్ధ గ్రంథాలకి టైజోంగ్ రాసిన ముందుమాట, చివర్లో ప్రజ్ఞాపారమిత హృదయ సూత్రం. ఆ హ్యుయాన్ త్సాంగ్ మన ధాన్యకటకంలో, అంటే అమరావతిలో, కొన్ని నెలలుండి చదువుకున్నవాడే. నేను మొదటిసారి ఆ శాసనం చివరి వరసలు రాస్తూ "గతే గతే పారగతే" అన్నది చైనీస్ శబ్దాల్లో బయటపడేసరికి బ్రష్ పక్కన పెట్టేశా. మా లావోషీకి ఆ ముక్క సంస్కృతంలో చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత టీ పోశారు.

సరే, తప్పుల దగ్గరికొద్దాం, ఎందుకంటే చూచిరాత గుడ్డిగా చేస్తే నిజంగానే పనికిరాదు, మీ అనుమానంలో ఆ మేరకు న్యాయం ఉంది.

అన్నిటికంటే పెద్ద గొయ్యి రాయి. మీ ముందున్న పుస్తకంలో నల్ల నేల మీద తెల్ల అక్షరాలున్నాయి కదా, అది శాసనం అచ్చు, తడి కాగితం రాయి మీద అద్ది, గుంటల్లోకి దిగేలా కొట్టి, పైన ఇంకు గుడ్డతో తడతారు. మన శాసనాల వాళ్ళు ఎస్టాంపేజ్ అంటారే, అదే పని. ఇప్పుడు ఆలోచించండి, బ్రష్‌తో రాశాడు, దాన్ని చెక్కేవాడు ఉలితో చెక్కాడు, వెయ్యేళ్ళ పైన వాన, గాలి, వేల అచ్చులు, రాయి అరిగింది, మధ్యలో ఎవరో అరిగిన గీతల్ని మళ్ళీ లోతుగా చెక్కారు. మీ జియూచెంగ్ శాసనానికి ఇదే జరిగింది, అందుకే సోంగ్ వంశం కాలంలో (పది నుంచి పదమూడో శతాబ్దం దాకా) తీసిన పాత అచ్చులకి అంత విలువ. ఇంత జరిగాక మీకు కనిపించే అంచు బ్రష్‌దా, ఉలిదా, వానదా? నేను మొదటి ఏడాది చేసిన ఘనకార్యం ఏంటంటే, ఒక అక్షరంలో కుడి పక్క గీత చివర చిన్న పళ్ళలాగా గరుకు కనిపిస్తే, అది స్టైల్ అనుకుని బ్రష్‌ని వణికిస్తూ ఆ పళ్ళన్నీ జాగ్రత్తగా గీశా. రెండు వారాలు ప్రాక్టీస్ చేసి మరీ గీశా. లావోషీ చూసి "రాయి పగిలింది, నువ్వెందుకు పగులుతున్నావ్" అన్నారు. పిల్లలందరూ ఒకటే నవ్వు. చీ గోంగ్ అని 2005 దాకా బతికున్న పెద్ద కాలిగ్రఫర్, ఉలి అంచు గుండా బ్రష్ మొనని చూడాలి అని ఒక మాటన్నారు, ఆ మాట ఆ రోజు నా నెత్తికెక్కింది. అందుకే రాతి అచ్చుతో పాటు ఇంకుతో రాసిన ప్రతులు కూడా పక్కన పెట్టుకోండి. ఒయాంగ్ ఇంకుతో రాసినవి అని చెప్పేవి ఒకటి రెండు ఉన్నాయి, జీయోంగ్ వెయ్యి అక్షరాల ప్రతి కూడా జపాన్‌లో ఒకటుంది, అచ్చులు సులువుగా దొరుకుతాయి. అందులో బ్రష్ ఎలా దిగిందో కళ్ళకి కడుతుంది, అది చూశాక రాయి కూడా అర్థమవుతుంది.

రెండో తప్పు రాశి. రోజూ పదిహేను కాగితాలు నింపేస్తే ఏదో అయిపోతుందనుకుంటాం. నేను అలా ఎనిమిది నెలలు నా సొంత తప్పుల్నే బట్టీ పట్టా. చూచిరాత అంటే సగం చూడటం, దానికి పేరు కూడా వేరే ఉంది, 'దూటియె', రాతని చదవడం. బ్రష్ ముట్టుకోకుండా కూర్చుని చూడటమే. జావో మెంగ్‌ఫూ అనే కాలిగ్రఫర్ 1310లో పడవ మీద రాజధానికి పోతూ లాన్‌టింగ్ రాతి అచ్చు ఒకటి దొరికితే నెలకి పైగా దారి పొడుగునా దాన్నే చూస్తూ, చూసినప్పుడల్లా దాని మీద వ్యాఖ్యలు రాస్తూ పోయాడు, పదమూడు వ్యాఖ్యలు రాశాడు. పాతవాళ్ళు నాలుగు వరసల అచ్చు దొరికితే చాలు, దాన్నే మనసుపెట్టి నేర్చుకుని పేరు తెచ్చుకున్నారు అని అందులో ఒకచోట అంటాడు. మనకేమో ఫోన్‌లో నాలుగు వేల ఫోటోలు.

ఇక సొంతం ఎప్పుడొస్తుంది అన్నది. 'మీ ఫూ' అనే పేరుతో సోంగ్ కాలంలో ఒక కాలిగ్రఫర్ ఉండేవాడు ('మీ' ఆయన ఇంటిపేరు), 1051లో పుట్టాడు, మహా పిచ్చోడు, మంచి రాయి కనిపిస్తే అన్నయ్యా అని దణ్ణం పెట్టేవాడట. ఆయన కాపీ చేస్తే మూలమేదో కాపీ ఏదో ఎవరికీ తెలిసేది కాదు, ఎవరి దగ్గరైనా పాత రాత అరువు తెచ్చుకుని, తిరిగిచ్చేటప్పుడు రెండూ ముందు పెట్టి మీదేదో తీసుకోండి అనేవాడని చెప్పుకుంటారు. వాంగ్ షీజీ కొడుకు రాత అని పద్దెనిమిదో శతాబ్దంలో చియెన్‌లాంగ్ చక్రవర్తి ప్రాణంగా దాచుకున్న ఒక కాగితం, ఈయన చూసి రాసిందే అని ఇప్పుడు చాలామంది అభిప్రాయం. ఈ మీ ఫూ తన గురించి తనే రాసుకున్నాడు, నడివయసు దాకా నా రాతని పాత అక్షరాల ఏరుకూర్పు అనేవాళ్ళు, ముసలితనంలో గానీ నాదంటూ ఒకటి ఏర్పడలేదు, ఇప్పుడు చూసేవాళ్ళకి ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నానో తెలియదు అని. గొప్పలు పోయేవాడే ఆ మాటన్నాడంటే ఆలోచించండి.

సొంతం అనేది మనం తెచ్చిపెట్టుకునేది కాదని నా అనుభవం. మూలంలాగే రాయాలని నిజాయితీగా వెయ్యిసార్లు ప్రయత్నిస్తే, వెయ్యిసార్లూ ఒకేచోట ఒకేలా తప్పిపోతుంటారు చూడండి, నాకు కుడివైపు వాలుగీత ఎప్పుడూ కొంచెం తొందరపడుతుంది, ఎంత ఆపినా ఆగదు, అదే నేను. లావోషీ దాన్ని ఐదేళ్ళు తిట్టి, ఆరో ఏడు తిట్టడం మానేశారు. మీకు ఆరు నెలలకే ఆ తప్పు ఏదో తెలియదు, ఎందుకంటే ఇంకా అన్నీ తప్పుతున్నాయి.

పోనీ, కాపీ చేస్తూనే పూర్తిగా వేరేది చేసినవాళ్ళూ ఉన్నారు. వాంగ్ దువో, 1652లో పోయాడు, ఒకరోజు పాతవాళ్ళని చూసి రాయడం, ఒకరోజు అడిగినవాళ్ళకి రాసివ్వడం, జీవితాంతం అదే లెక్క. 992లో సోంగ్ చక్రవర్తి చెక్కించిన పాత ఉత్తరాల సంకలనం ఒకటి ఉంది, పది సంపుటాలు, అందులోని అరచేతంత ఉత్తరాల్ని ఈయన మనిషంత ఎత్తు పట్టుగుడ్డల మీదకి ఎక్కించాడు, రెండు మూడు ఉత్తరాలు కలిపేసేవాడు, ఇంకు కారిపోతున్నా పట్టించుకోడు. చివర సంతకం దగ్గర మాత్రం ఫలానావారిని చూసి రాశాను అనే రాస్తాడు. అది చూసి ఎవరైనా కాపీ కొట్టాడు అంటే నవ్విపోతారు.

సంతకం అన్నాను కాబట్టి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చూచిరాత ఎంత బాగా వచ్చినా కింద మీ పేరు తర్వాత 'లిన్' అని రాయాలి. అదొక్క అక్షరమే మర్యాదకీ మోసానికీ మధ్య గోడ. మూడో ఏడు హాంగ్‌జౌలో పెట్టిన చిన్న ఎగ్జిబిషన్‌కి నేనొక కాగితం ఇచ్చా, సంబరంలో పేరు, తేదీ, ముద్ర అన్నీ వేశా, లిన్ మరిచిపోయా. గోడకి తగిలించాక లావోషీ వచ్చి చూశారు, ఏమీ అనలేదు, జేబులోంచి చిన్న బ్రష్ పెన్ను తీసి నా పేరు కింద ఆ అక్షరం తనే రాశారు, నిలబడి, గోడ మీదే, జనం చూస్తుండగా. నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆ అక్షరం మాత్రం ఆ కాగితం మొత్తంలో అన్నిటికంటే బాగుంది.

ఈ పద్ధతికి చెడ్డ వైపు లేదని చెప్పను. చింగ్ రాజవంశం కాలంలో పరీక్షలు రాసి ఉద్యోగాల్లోకి వెళ్ళేవాళ్ళంతా ఒకటే రకం చదునైన, నల్లటి, నున్నటి రాత రాసేవాళ్ళు, చూస్తే అచ్చుయంత్రం. జీవితమంతా ఒకే గురువుని పట్టుకుని ఆయన నీడలోంచి బయటికి రానివాణ్ణి రాతకి బానిస అని తిట్టే తిట్టు చైనీస్‌లో ఎప్పటినుంచో ఉంది. కాబట్టి ఈ భయం మీ ఒక్కరిదే కాదు. సున్ గువోటింగ్ అనే టాంగ్ కాలం కాలిగ్రఫర్ రాత గురించి 687లో రాసినదాంట్లో వరస చెప్తాడు, ముందు నిలకడగా సమంగా రావాలి, అది వచ్చాక సాహసం చెయ్యాలి, సాహసం వచ్చాక మళ్ళీ సమానికి తిరిగి రావాలి. బానిసలయ్యేది మొదటి మెట్టు మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళు. ఆరు నెలలకి అక్కడ ఇల్లు కట్టడం ఎవరివల్లా కాదు, మీరు బెంగపడకండి.

ఒక్క రాత మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దని చెప్తా, ఎంత అందంగా కనిపించినా సరే. యాన్ జెన్‌చింగ్ 758లో రాసిన చిత్తుప్రతి, అన్న వరసాయన కొడుకు తిరుగుబాటులో చనిపోతే రాసుకున్న నివాళి, తైపేలో ఉంది. తల మాత్రమే దొరికింది ఆ అబ్బాయిది. రాత మొదట్లో నిదానంగానే ఉంటుంది, పోనుపోను కొట్టివేతలు, బ్రష్ ఎండిపోయినా ఇంకులో ముంచకుండా రాసుకుంటూ పోవడం, చివరికొచ్చేసరికి అక్షరాలు దొర్లిపోతుంటాయి. నేను దాన్ని చూసి రాశా, కొట్టివేతలతో సహా, బాగానే వచ్చిందనుకున్నా. లావోషీ మడతపెట్టి తిరిగిచ్చేశారు, సున్నా లేదు, మాటా లేదు. తర్వాత నాలుగేళ్ళకి మా నాన్న పోయినప్పుడు ఊరెళ్ళి వచ్చి ఒక రాత్రి అదే తీసి రాశా. అంతకుముందు ఎండిపోయిన గీతల్ని ఎండిపోయినట్టు గీయడానికి ఇంకు పిండి, లెక్కపెట్టి రాశా, ఆ రోజు ఇంకు అయిపోయిన సంగతే నాకు తెలియలేదు. అది ఎవరికీ చూపించలేదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. కొత్త పుస్తకాలు కొనొద్దు, ఉన్న శాసనమే చాలు. వారానికి ఎనిమిది అక్షరాలకి మించి పెట్టుకోవద్దు. ఒక అక్షరం తీసుకుని ముందు పది నిమిషాలు బ్రష్ లేకుండా చూడండి, ఏ గీత ఎక్కడ మొదలైంది, గీతల మధ్య ఖాళీ ఎంత, అక్షరం ఎటువైపు వాలి ఎటువైపు నిలదొక్కుకుంది. తర్వాత ఐదుసార్లు పల్చటి కాగితం పెట్టి దిద్దండి, పదిసార్లు చూసి రాయండి, చివర పుస్తకం మూసి మూడుసార్లు రాయండి. ఆ మూడింటినీ పుస్తకంతో పోలిస్తే అసలు మీరేం చూడలేదో అది దొరుకుతుంది, ఎందుకంటే చూడనిదే మరిచిపోతాం. ఫోన్‌లో మీ అక్షరం ఫోటో తీసి మూలం మీద పరిచి చూసే యాప్‌లున్నాయి, వారానికి ఒకసారి చాలు, రోజూ చూస్తే కళ్ళు బద్ధకిస్తాయి. ప్రాక్టీస్‌కి ఖరీదైన షువాన్ వద్దు, వెదురు గుజ్జుతో చేసిన పసుపు కాగితం దొరుకుతుంది, అది వాడండి. మరీ మెత్తటి మేక వెంట్రుకల బ్రష్‌తో ఒయాంగ్ రాయడం ఇప్పుడు మీకు నరకం, కలగలుపు వెంట్రుకలది అడిగి తీసుకోండి, లేదా మీ టీచరు ఏది వాడుతున్నారో అదే.

టీచరు ఏమీ మాట్లాడటం లేదన్నారు కదా, ఒకసారి ఆయన్ని మీ ముందు ఒక్క అక్షరం రాసి చూపించమని అడగండి. కాగితం వైపు చూడకండి, మోచెయ్యి వైపు చూడండి. తర్వాత వచ్చి ఇక్కడే రాయండి, ఏ అక్షరం అడిగారు, ఆయన ఎక్కడ ఆగారు. పాత కాగితాల్లో ఎర్ర సున్నాలు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టి చెప్పండి, నాకు మొదటి ఆరు నెలల్లో వచ్చినవి పదకొండు.